కువైట్ వెళ్లే ముందు కాపర్-టీ, ఇంజక్షన్, ఆపరేషన్: ఎప్పుడు వెళ్లాలి, ఏ కాగితం రాయించుకోవాలి

ఆ మధ్య మా పీహెచ్‌సీ బయట బెంచీ మీద ఒకామె కూర్చుని కళ్లు తుడుచుకుంటోంది. ముప్పై నాలుగేళ్లుంటాయేమో. ఒళ్లో ప్లాస్టిక్ కవరు, అందులో పాస్‌పోర్టు, తన ఆధార్, ఇద్దరు పిల్లల ఆధార్లు. అడిగితే చెప్పింది. ఊళ్లో సబ్ ఏజెంటు ఒకడు "ఎంబసీకి ఫ్యామిలీ ప్లానింగ్ సర్టిఫికెట్ పెట్టాలమ్మా, లేకపోతే స్టాంపింగ్ కాదు, ఆరు వేలిస్తే నేనే తెప్పిస్తా" అన్నాడట. ఆరు వేలెందుకు, ఆపరేషనే చేయించుకుంటే సర్టిఫికెట్ వాళ్లే ఇస్తారు కదా అని ఈమె ఆటో ఎక్కి వచ్చింది. లోపలేమో "మీ ఆయన్ని తీసుకురా, ఆయన సంతకం లేకుండా చెయ్యరు" అని పంపించేశారు. ఆయన మస్కట్‌లో ఉన్నాడు.

అక్కడ ఏజెంటు చెప్పిందీ తప్పే, లోపల చెప్పిందీ తప్పే. రాయచోటి, కడప వైపు నుంచి, కోనసీమ వైపు నుంచి ఇంటిపనికి గల్ఫ్ వెళ్లే ఆడవాళ్లు ఈ రెండు మాటల మధ్యే నలిగిపోతున్నారు కాబట్టి వివరంగా రాస్తున్నా.

ముందు ఏజెంటు మాట. ఈసీఆర్ పాస్‌పోర్టు (అంటే పనికి వెళ్లేముందు ప్రభుత్వం దగ్గర ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తీసుకోవాల్సిన రకం) ఉన్న ఆడమనిషి ఇంటిపనికి కువైట్ వెళ్లాలంటే వయసు ముప్పై నిండాలి, ఈమైగ్రేట్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఆ క్లియరెన్స్ రావాలి, దానికి పాస్‌పోర్టు, వీసా, పని ఒప్పందం, ప్రవాసీ భారతీయ బీమా పాలసీ లాంటివి కావాలి. రెండేళ్లకైతే ఆ బీమా ప్రీమియం 275 రూపాయలు, దాని పేరు చెప్పి వేలు గుంజేవాళ్లు కూడా ఉన్నారు, అది వేరే కథ. అక్కడివాళ్ల తరఫున గల్ఫ్ మెడికల్ ఉంటుంది, పాతవాళ్లు గామ్కా అంటారు, ఇప్పుడు పేరు వాఫిద్. వీటిలో ఎక్కడా ఫ్యామిలీ ప్లానింగ్ సర్టిఫికెట్ అనే కాగితం లేదు. మెడికల్లో గర్భం ఉందా లేదా అని మాత్రం చూస్తారు, ఉంటే అన్‌ఫిట్ రాస్తారు. ఏజెంట్లు ఇక్కడే మెలిక పెడతారు. ఈరోజు కడుపు లేదు అని చెప్పే టెస్టు వేరు, రేపు రాకుండా వేసుకునే మందు వేరు. అడిగేది మొదటిది. రెండోది పూర్తిగా మీ ఇష్టం, దాన్ని బలవంతం చేసే హక్కు ఏజెంటుకీ లేదు, అక్కడి కఫీల్‌కీ, అంటే వీసా ఇచ్చిన యజమానికీ లేదు.

మరి అడగనప్పుడు ఎందుకు చేయించుకోవడం, మొగుడు ఇక్కడ, తను అక్కడ, అని దెప్పేవాళ్లు ఉంటారు. మొగుడూ పెళ్లాం ఇద్దరూ కువైట్‌లోనే వేర్వేరు ఇళ్లలో పనిచేసే జంటలు మా మండలంలోనే ఎంతోమంది. సెలవు మీద వచ్చి నెలుండి వెళ్లేవాళ్లు ఉన్నారు. మెడికల్ ఫిట్ వచ్చాక టికెట్ పడేలోపు వారాలు గడుస్తాయి, ఆ వారాల్లోనే నెల తప్పి, అక్కడ దిగాక అకామా (అక్కడ ఉండటానికి ఇచ్చే పర్మిట్) కోసం చేసే మెడికల్‌లో బయటపడి, అప్పు మొత్తం నెత్తిన వేసుకుని వెనక్కొచ్చిన మనిషిని నేను చూశాను. ఇంకొకటి కూడా ఉంది, పరాయి ఇంట్లో నాలుగు గోడల మధ్య పని, అక్కడేం జరిగినా తోడు ఎవరూ ఉండరు. పైగా కువైట్‌లో పెళ్లి కాగితం చూపించకుండా ఆసుపత్రిలో కాన్పు అంటే కేసు దాకా పోతుంది. ఇంతకంటే రాయను, అర్థం చేసుకోండి.

సరే, పద్ధతికి వద్దాం. గర్భసంచిలో పెట్టే కాపర్-టీకి, కడుపు రాకుండా వేసే అంతర ఇంజక్షన్‌కి దరఖాస్తు ఫారం లాంటిదేమీ లేదు. ఊరి ఏఎన్‌ఎమ్ దగ్గరికి గానీ, పీహెచ్‌సీకి గానీ ఆధార్ పట్టుకుని వెళ్లడమే. ఓపీ చీటీ రాస్తారు, బీపీ చూస్తారు, నెలసరి ఎప్పుడొచ్చిందో అడుగుతారు, అనుమానముంటే నిశ్చయ్ కిట్‌తో గర్భం టెస్టు చేస్తారు. అన్నీ ఉచితం. ఆశా అక్క చేతిలో వంద పెట్టాలని ఎవరైనా అంటే పెట్టొద్దు.

ఏది మంచిదని అందరూ అడుగుతారు. అది డాక్టరు మీ ఒంటిని చూసి చెప్పాలి, నేను చెప్పగలిగింది ప్రయాణం లెక్క. అంతర ఇంజక్షన్ మూడు నెలలకోసారి. తేదీకి రెండు వారాలు ముందు వేయించుకోవచ్చు, నాలుగు వారాలు ఆలస్యమైనా ఫర్వాలేదు. కానీ రెండేళ్ల కాంట్రాక్టు మీద వెళ్లే మనిషికి రెండో డోసు అక్కడ ఎవరు వేయిస్తారు? మేడమ్‌ని అడగగలరా? కువైట్‌లో 2015లో వచ్చిన 68వ నంబరు చట్టం ప్రకారం ఇంటిపనివాళ్లకి వారానికో రోజు సెలవు ఉంది, నిజంగా ఆ రోజు గేటు దాటి బయటికి వెళ్లనిచ్చే ఇళ్లు ఎన్నో అక్కడ పనిచేసి వచ్చినవాళ్లని అడగండి. ఒక్క ఇంజక్షన్ వేయించుకుని విమానం ఎక్కితే అది ఫ్లైట్‌కి ముందూ వెనకా ఉండే నెలలకి పనికొస్తుంది, రెండేళ్లకి కాదు. పిల్లల్ని ఇంకా కనాలనుకునేవాళ్లు ఇంకో సంగతి గుర్తుంచుకోండి, ఈ ఇంజక్షన్ ఆపిన వెంటనే కడుపు రాదు, ఏడు నుంచి పది నెలలు పట్టడం మామూలే.

కడుపు రాకుండా ఛాయా మాత్ర వాడేవాళ్లకి ఒక హెచ్చరిక. మొదటి మూడు నెలలు వారానికి రెండు, ఆ తర్వాత వారానికొకటి వేసుకునే మాత్ర అది. మన లక్నోలో తయారైన మందు, బయటి దేశాల షాపుల్లో దొరుకుతుందని ఆశ పెట్టుకోవద్దు. రోజూ వేసుకునే మాలా-ఎన్ మాత్రలైతే ఒక్కో ప్యాకెట్టు 28 రోజులకి, రెండేళ్లంటే 26 ప్యాకెట్లు, ఒకేసారి అన్ని చేతిలో పెట్టరు.

అందుకని రెండేళ్ల ప్రయాణానికి ఎక్కువమందికి లెక్క కుదిరేది కాపర్-టీ. మా అమ్మలు లూపు అనేవాళ్లు, అదే. 380ఏ రకం పదేళ్లు పనిచేస్తుంది, 375 రకం ఐదేళ్లు. మా ఏఎన్‌ఎమ్ దాన్ని ప్యాకెట్టు విప్పి అరచేతిలో పెట్టి చూపిస్తుంది. చిటికెన వేలంత పొడవు కూడా ఉండదు, తెల్ల ప్లాస్టిక్ కాడ, దానికి చుట్టిన సన్నటి రాగి తీగ, కింద రెండు దారాలు. అది చూశాక సగం భయం పోతుంది, మిగతా సగం "ఎయిర్‌పోర్టులో మెషీను మోగుతుందా అక్కా" అనే ప్రశ్నతో బయటికొస్తుంది. మోగదు. గల్ఫ్ మెడికల్లో తీసేది ఛాతీ ఎక్స్‌రే, అందులోనూ కనిపించదు.

కానీ ఫ్లైట్ ముందు వారం వేయించుకోవద్దు. మొదటి రెండు మూడు నెలలు నెలసరి ఎక్కువ పోవడం, కడుపులో నొప్పి మామూలు, జారిపోవడమంటూ జరిగితే అది కూడా ఎక్కువగా మొదటి నెలల్లోనే. మూడంతస్తుల ఇల్లు తుడుస్తూ, మాట రాని చోట, ఆ నొప్పితో టెన్షన్ పడటం ఎందుకు? వీసా మాట మొదలైనప్పుడే, అంటే మూడు నెలల ముందే వేయించుకుని, తర్వాతి నెలసరి అయ్యాక ఒకసారి చూపించుకుని వెళ్లండి. దారం ఎలా తడిమి చూసుకోవాలో అప్పుడే నేర్పమని అడగండి, సిగ్గుపడొద్దు, అక్కడ చూపించేవాళ్లు ఉండరు.

ఇక అసలు చాలామంది బోల్తా పడేది కాగితం దగ్గర.

అంతర వేసినప్పుడు ఒక కార్డు ఇస్తారు, అందులో వేసిన తేదీ, మళ్లీ రావాల్సిన తేదీ ఉంటాయి. కాపర్-టీకీ కార్డు ఉంటుంది. ఇవి మన ఊళ్లో సరిపోతాయి. కార్డు మీద "లచ్చమ్మ" అని ఉంటుంది, పాస్‌పోర్టులో ఇంటిపేరుతో సహా లక్ష్మీదేవి, వయసులో మూడేళ్ల తేడా. ఆ కార్డు అక్కడ ఏ క్లినిక్కులో చూపించినా అది మీదేనని వాళ్లు ఎందుకు నమ్మాలి? అంతర అనే పేరు కూడా మన ప్రభుత్వం పెట్టుకున్న పేరు, అక్కడి నర్సుకి తెలియదు. ఆ మందు అసలు పేరు మెడ్రాక్సీప్రొజెస్టరాన్ అసిటేట్, 150 మిల్లీగ్రాములు. ఆ పేరు ఉంటేనే అక్కడి డాక్టరుకి విషయం అర్థమవుతుంది.

ఈ కాగితం ఎందుకంత ముఖ్యమో ఒక్క ఉదాహరణ చెప్తా. ఇంజక్షన్ వేసుకున్నవాళ్లకి కొన్నాళ్లకి నెలసరి ఆగిపోవడం మామూలు, ప్రమాదం కాదు. కానీ ఇంట్లో మేడమ్‌కి అది తెలియదు. రెండు నెలలు ప్యాడ్లు అడగలేదని అనుమానం వచ్చి, పనిమనిషిని కారెక్కించి క్లినిక్కుకి తీసుకెళ్లింది ఒక మేడమ్. టెస్టులో ఏమీ లేదని తేలింది కాబట్టి సరిపోయింది, కానీ ఆ రెండు గంటలూ ఆమె పడ్డ బాధ ఫోన్లో నాకు చెప్పి ఏడ్చింది. చేతిలో ఒక్క ఇంగ్లిష్ చీటీ ఉండుంటే ఆ కారు ఎక్కాల్సిన పనే లేదు.

కాబట్టి పీహెచ్‌సీలో పని అయ్యాక బయటికి వచ్చేయకుండా, మెడికల్ ఆఫీసర్‌ని అడిగి ఆయన చీటీ మీద, ఇంగ్లిష్‌లో, నాలుగు ముక్కలు రాయించుకోండి: పాస్‌పోర్టులో ఉన్నట్టే పేరు, పాస్‌పోర్టు నంబరు, ఏం వేశారు ఏ తేదీన వేశారు, దాని గడువు ఎప్పటిదాకా. సంతకం, కింద స్టాంపు. ఇంజక్షనైతే నెలసరి ఆగిపోవచ్చు అనే ఒక్క వాక్యం కూడా రాయమనండి. ఇలా రాయాలనే రూలేమీ లేదు కాబట్టి కొందరు విసుక్కుంటారు. మధ్యాహ్నం ఓపీ పలచబడ్డాక వెళ్లండి, పాస్‌పోర్టు జిరాక్సు ముందే చేతిలో పెట్టండి, రాస్తారు. నేను తీసుకెళ్లినవాళ్లలో కాదన్న డాక్టరు ఒక్కరే, ఆయన కూడా రెండో రోజు రాశాడు.

ఇప్పుడు ఆపరేషన్ సంగతి. బెంచీ మీద ఆమె ఏడ్చింది దీనికోసమే కదా. కేంద్ర ఆరోగ్య శాఖ పెట్టిన ప్రమాణాల్లో ఉన్నదేమిటంటే, పెళ్లయి ఉండాలి, ఆడవాళ్లకి వయసు 22కి పైన, 49కి లోపు, కనీసం ఒక బిడ్డ ఉండి ఆ బిడ్డకి ఏడాది దాటాలి, భార్యాభర్తల్లో ఎవరికీ అంతకుముందు ఈ ఆపరేషన్ అయి ఉండకూడదు. సమ్మతి పత్రం మీద సంతకం చేయించుకునే మనిషిదే. భర్త సంతకం అక్కర్లేదని ఆ ప్రమాణాల్లోనే స్పష్టంగా ఉంది. కౌంటరు దగ్గర అడిగితే గొడవ పడకుండా "సార్, భర్త సంతకం అవసరం లేదని గైడ్‌లైన్స్‌లో ఉందట కదా, ఒకసారి డాక్టరమ్మని అడుగుతారా" అనండి చాలు, మెత్తబడతారు. ఆమె విషయంలో కూడా అంతే జరిగింది, పది నిమిషాల్లో ఫారం చేతికొచ్చింది.

కానీ ఫారం చదివి వినిపించాక ఆమె వెనక్కి తగ్గింది. ఇది ఇక మళ్లీ పిల్లలు వద్దనుకునే ఆపరేషన్ అని అక్కడ రాసి ఉంటుంది, తర్వాత తిరిగి కలిపించుకోవచ్చులే అనుకుని చేయించుకునేది కాదు. వీసా కోసం తీసుకునే నిర్ణయం అసలే కాదు. చేయించుకోవాలని గట్టిగా అనుకున్నవాళ్లు కూడా తేదీ చూసుకోండి, సర్టిఫికెట్ ఆపరేషన్ రోజు ఇవ్వరు, నెల తర్వాత గానీ ఆ తర్వాత మొదటి నెలసరి వచ్చాక గానీ, ఏది ముందైతే అప్పుడు ఇస్తారు. పది రోజుల్లో ఫ్లైటున్నవాళ్లు కుట్లతో వెళ్తారు, సర్టిఫికెట్ లేకుండా వెళ్తారు. రేపు ఆపరేషన్ ఫెయిలైతే పరిహారం అడగాలన్నా ఆ కాగితాలే ఆధారం.

మగవాళ్లు చేయించుకుంటామంటే ఇంకా మంచిది, కోత కుట్టు లేని వేసెక్టమీ, పడుకోవాల్సిన పని కూడా పెద్దగా ఉండదు. ఒక్కటే చిక్కు. అది ఆ రోజు నుంచే పనిచేయదు, మూడు నెలల తర్వాత వీర్య పరీక్షలో కణాలు లేవని తేలాకే సర్టిఫికెట్. రెండు నెలల సెలవు మీద వచ్చిన మనిషి వారంలో చేయించుకుని ఇక ఫర్వాలేదనుకుంటే, ఆయన విమానం ఎక్కాక ఇక్కడ ఆమెకి నెల తప్పుతుంది, ఆ తర్వాత ఊరు ఏం మాట్లాడుతుందో చెప్పక్కర్లేదు. ఆ మూడు నెలలూ నిరోధ్ వాడాల్సిందే.

బ్యాగులో మాత్రలు పెట్టుకునేవాళ్లు స్ట్రిప్పు కత్తిరించొద్దు, డబ్బాలో పోయొద్దు, చీటీతో కలిపి చేతి బ్యాగులో పెట్టండి. "అక్కడ మా చెల్లెలికి ఈ మందులు కూడా ఇవ్వు" అని ఎయిర్‌పోర్టు గేటు దగ్గర ఎవరో ఇచ్చే పొట్లం మాత్రం ముట్టుకోవద్దు. నిద్రమాత్రలు, కొన్ని రకాల నొప్పి మాత్రలు అక్కడ మత్తుమందుల కేసు, ఎవరిదో పొట్లానికి మీరు జైల్లో కూర్చుంటారు.

బెంచీ మీద ఆమె చివరికి కాపర్-టీ వేయించుకుంది. ఫ్లైటు ఇంకా పడలేదు. చీటీని ఫోటో తీసి చెల్లెలికి వాట్సాప్‌లో పంపించింది, అక్కడ పాస్‌పోర్టూ బ్యాగూ తీసి బీరువాలో పెట్టేసుకున్నా ఫోటో ఒకటి మిగులుతుందని. అసలు చీటీ పాస్‌పోర్టు కవర్లో పెట్టొద్దని, బట్టల మధ్య వేరుగా పెట్టుకోమని చెప్పాను.