స్పంజికల పాఠాలు – 5: బ్లీచింగ్ పౌడరు తెచ్చిన తంటా

ఈ పాఠంలో స్పంజికల నాలుగు తరగతులను తీరిగ్గా చెప్పుకుందామనుకున్నాను. మీ జవాబులు చూశాక ఆ పని సగం వాయిదా వేయాల్సి వచ్చింది. స్పంజిక అంటే నీటిని వడకట్టుకుని బతికే జీవి. దొరికిన ముక్కను బ్లీచులో నానబెట్టి, కడిగి, వెనిగర్ వేసి చూడమని, ముల్లు సున్నపు పదార్థంతో చేసిన కాల్కేరియా తరగతిదో కాదో చెప్పమని నాలుగో పాఠంలో పని ఇచ్చాను. అది చేసి పంపినవాళ్లలో ఎక్కువమంది ఒకే వాక్యం రాశారు: “వెనిగర్ వేస్తే పొంగింది, కాబట్టి ఇది కాల్కేరియా.” అంతర్వేది ఒడ్డున దొరికిన పసుపు ముద్ద కాల్కేరియా. ఓడలరేవులో వలకు తగిలిన నల్ల ముద్ద కాల్కేరియా. చివరికి కాలువ లాకు గోడ మీంచి గీకిన పచ్చటి పొర కూడా కాల్కేరియానే!

ఆ చివరి జవాబు దగ్గర ఆగిపోయాను. కాల్కేరియా తరగతిలోని స్పంజికలన్నీ సముద్రంలోనే ఉంటాయి. మంచినీటిలో ఒక్కటీ లేదు. కాలువ నీటిలో పెరిగిన దాన్ని వెనిగర్ పొంగించిందంటే, ఆ పొంగు స్పంజిక నుంచి వచ్చింది కాదు. మరెక్కణ్ణుంచి వచ్చినట్టు?

జవాబులు మళ్లీ మొదటినుంచీ చదివితే దొరికింది. నేను పాఠంలో “బ్లీచులో రాత్రంతా నానబెట్టండి” అని మాత్రమే రాశాను. నా ఉద్దేశం సీసాలో దొరికే ద్రవం, అంటే సోడియం హైపోక్లోరైట్. మన వైపు బ్లీచు అంటే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది బస్తాలో వచ్చే తెల్ల పొడి. రొయ్యల చెరువులో చల్లేది అదే, పంచాయతీవాళ్లు బావిలో వేసేదీ అదే. మీరు ఇంట్లో ఉన్నదే వాడారు. ఏ బ్లీచో నేను విడమరిచి చెప్పి ఉండాల్సింది.

వేరే ఏదీ చెప్పకముందే ఒక జాగ్రత్త. భీమవరం వైపు నుంచి రాసిన ఒకాయన నానబెట్టిన గిన్నెలోనే, నీళ్లు వంపకుండా, వెనిగర్ పోశారట. కళ్లు మండి, దగ్గు పట్టుకుని బయటికి పరిగెత్తారట. అది క్లోరిన్ వాయువు. ద్రవమైనా పొడైనా, బ్లీచు ఉన్నచోట ఏ పులుపు తగిలినా క్లోరిన్ పుడుతుంది. ఎక్కువ పీలిస్తే ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. కాబట్టి బ్లీచు పని వీధి అరుగు మీదో పెరట్లోనో, గాలి ఆడే చోట చేయండి. ఐదుసార్లు కడిగాక, వాసన బొత్తిగా పోయాకే వెనిగర్ సీసా మూత తీయండి. పిల్లల చేత ఈ పని చేయించకండి.

ఇక ఆ పొడి పరీక్షను ఎలా పాడుచేసిందో చూద్దాం. దీన్ని కొంచెం పొడుగ్గానే చెబుతాను, ఎందుకంటే ఇది అర్థంకాకపోతే ముందు ముందు ఏ పరీక్షా మీకు నిజం చెప్పదు.

బ్లీచింగ్ పౌడరును తడి సున్నం మీదుగా క్లోరిన్ పంపి తయారుచేస్తారు. సున్నమంతా మారిపోదు, కొంత సున్నంగానే మిగిలి ఉంటుంది. బస్తా మూతి విప్పి పెడితే ఆ సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడును పీల్చుకుని కాల్షియం కార్బొనేట్ అవుతుంది. గోడకు కొట్టిన గుల్ల సున్నం ఆరేకొద్దీ గట్టిపడటం కూడా ఇదే మార్పు. గుల్లను కాల్చి సున్నం చేస్తాం, ఆ సున్నం గోడ మీద మళ్లీ గుల్లలో ఉన్న పదార్థంగానే మారుతుంది. మీ గిన్నె అడుగున తెల్లగా పేరుకున్న మడ్డి కూడా అదే. దాని మీద వెనిగర్ పడితే పొంగక ఏం చేస్తుంది? అందులో స్పంజిక ముక్క వేయకపోయినా పొంగేది. నమ్మకం కుదరకపోతే ఖాళీ గిన్నెలో పొడి నీళ్లు పోసి, తేర్చి, ఆరబెట్టి చూడండి. ఇలా అసలు వస్తువు లేకుండా ఒకసారి చేసి చూడటాన్ని ఉత్త పరీక్ష అంటాను. ఇకపై ప్రతి పరీక్షకూ పక్కన ఒక ఉత్త పరీక్ష ఉండాలి. అది లేని జవాబును నేను చూడను.

నీళ్లతోనూ ఇదే చిక్కు. మన బోరునీళ్లు చాలా ఊళ్లలో ఉప్పగానో చవ్వగానో ఉంటాయి. ఆరితే గాజు మీద తెల్ల మచ్చ మిగులుతుంది. కడగడానికి తాగునీటి టిన్నులోని శుద్ధిచేసిన నీళ్లే వాడండి. వెనిగర్‌కు బదులు నిమ్మరసం వాడామన్నవాళ్లు ఇద్దరున్నారు. వద్దు. అందులోని సిట్రిక్ ఆమ్లం కాల్షియంతో కలిసి మళ్లీ తెల్ల మడ్డిగా దిగుతుంది.

బ్లీచు సరైనదే వాడి కూడా పొంగు చూసినవాళ్లు కొద్దిమంది ఉన్నారు. వాళ్ల ముక్కల్లో గుల్ల నలుసులున్నాయి. స్పంజిక నీటిని లోపలికి పీల్చి వదిలే జీవి, నీటితో వచ్చిన ఇసుకనూ చిప్ప పొడినీ ఒంట్లో ఇరికించుకుంటుంది. కొన్ని జాతులు కావాలనే ఇసుకను అస్థిపంజరంలో కలుపుకుంటాయి. పైగా అది పుట్టి పెరిగిందే చిప్ప మీద కావచ్చు, బార్నకిల్స్ అనే గుల్ల జీవుల పక్కన కావచ్చు. అందుకే ముద్ద మీద వెనిగర్ పోయడం ఇక్కడితో మానేద్దాం. ముందు ముళ్లను, అంటే స్పంజిక అస్థిపంజరంలోని సన్నటి సూదుల్లాంటి ముక్కలను, విడదీసి, వాటిని సూక్ష్మదర్శిని కింద చూస్తూ చుక్క వేయాలి. ఏది కరిగిపోయింది, ఏది మిగిలింది అన్నదే చూడాలి.

పాఠ్యపుస్తకాల్లో వీటిని కంటకాలు అంటారు. నాకు ముల్లు అన్న మాటే దగ్గరగా ఉంటుంది, అదే వాడతాను. ఆస్టియా, ఆస్కులం, కాలర్ కణాలు, కుల్యా వ్యవస్థ ఇంటర్ పుస్తకంలో ఉన్నవే కాబట్టి మళ్లీ చెప్పను. ఒక్క మాట మాత్రం: ఆస్కాన్, సైకాన్, ల్యూకాన్ అనేవి నీటి కాలువల అమరికలో రకాలు, తరగతుల పేర్లు కావు. సైకాన్ అనే పేరుతో ఒక ప్రజాతి కూడా ఉండటం వల్ల ఈ గందరగోళం ఏటా వస్తుంది.

చిప్ప తినే స్పంజిక

కాకినాడ దగ్గరి నుంచి ఒకావిడ పంపిన ఆల్చిప్ప ముక్క ఈసారి నాకు అన్నిటికన్నా నచ్చింది. చిప్ప నిండా సూదితో పొడిచినట్టు గుండ్రటి కన్నాలు. విరిస్తే లోపల తేనెపట్టులా గదులు, గదుల్లో పసుపు కండ. ఆవిడ దీన్ని పురుగు తిన్న చిప్ప అనుకున్నారు. ఇది క్లయోనా, చిప్పను తొలుచుకుని బతికే స్పంజిక. పళ్లు లేవు, గోళ్లు లేవు. దాని కణాలు చిప్పను అంచుల వెంబడి కొద్దిగా కరిగించి, మధ్యలో మిగిలిన నలుసును ఊడదీస్తాయి. ఆ నలుసు నీటితోపాటు ఆస్కులం, అంటే నీటిని బయటికి వదిలే రంధ్రం గుండా పోతుంది. చిప్ప కొంతకాలానికి గుల్లబారి, వేళ్లతో నొక్కితే పిండిగా రాలుతుంది. బతికున్న ఆల్చిప్పకు పడితే అది తన బలమంతా లోపలి పొరను పూడ్చుకోవడానికే ఖర్చుపెట్టాల్సి వస్తుంది. అందుకే ముత్యపు చిప్పలు, ఆల్చిప్పలు పెంచేవాళ్లకు ఇదంటే భయం. చచ్చిన చిప్పల గుట్టలను మాత్రం ఇదే తిరిగి సముద్రంలో కలుపుతుంది.

ఈ ఒక్క ముక్కలోనే మన పాఠమంతా ఉంది. కన్నంలోని పసుపు కండను సూదితో తీసి బ్లీచు చేస్తే రెండు రకాల వస్తువులు మిగులుతాయి: చిప్ప నలుసులు, ముళ్లు. వెనిగర్ చుక్క వేయగానే నలుసులు బుడగలు కక్కుతూ మాయమవుతాయి. ముళ్లు చెక్కుచెదరవు. ఒక కొస మొన, రెండో కొస గుండు, అచ్చం గుండుసూదిలా. దీన్ని టైలోస్టైల్ అంటారు. పొంగింది కాబట్టి కాల్కేరియా అనుకునేవాళ్లకు ఇది కాల్కేరియా, ముల్లు చూసేవాళ్లకు డెమోస్పంజియే అనే వేరే తరగతి.

తరగతులు, క్లుప్తంగా

ముల్లు కాల్సైట్‌తో, అంటే కాల్షియం కార్బొనేట్‌తో చేసినదై, ఎక్కువగా మూడు కొమ్మలతో ఉంటే కాల్కేరియా. గాజులాంటి సిలికా ముల్లు ఆరు కొమ్మలతో, ఒకదానికొకటి లంబంగా ఉంటే హెక్సాక్టినెల్లిడా, గాజు స్పంజికలు. ఇవి ఎక్కువగా లోతు సముద్రంలో ఉంటాయి, మన ఒడ్డున వెతకొద్దు. సిలికా ముల్లు ఒకే గీతలానో నాలుగు కొమ్మలతోనో ఉంటే దాదాపుగా డెమోస్పంజియే. ఇప్పటికి గుర్తించిన 9,000 పైచిలుకు జాతుల్లో ఐదింట నాలుగు వంతులకు పైగా ఇవే. నాలుగోది హోమోస్క్లెరోమార్ఫా. దీన్ని 2012లో డెమోస్పంజియే నుంచి విడదీసి తరగతి చేశారు. పాత పుస్తకంలో మూడు తరగతులే కనిపించినా, స్క్లెరోస్పంజియే అన్న పేరు కనిపించినా కంగారుపడకండి. ఆ పేరును ఇప్పుడు వాడటం లేదు.

బ్లీచు చేశాక ఏమీ మిగల్లేదని ఇద్దరు నిరాశగా రాశారు. నిరాశ ఎందుకు? ఒంటికి రుద్దుకునే సముద్రపు స్పంజిలో ముళ్లే ఉండవు, ఉన్నదంతా స్పంజిన్ పీచు. బ్లీచు దాన్ని కరిగించేస్తుంది. ఏమీ మిగలకపోవడం కూడా ఒక ఆధారమే. అలాంటివాటికి బ్లీచు చేయని పీచును చూడాలి. బీరకాయ పీచు పంపిన అమ్మాయికి: అది మొక్క, తల్లీ. కణాల గోడలు చూస్తే తెలిసిపోతుంది.

మన నేల మీద ఎక్కడ వెతకాలి

స్పంజికలకు డెల్టా తీరం అంత అనుకూలమైన చోటు కాదు. గోదావరికి ఎర్రనీరు వచ్చే రోజుల్లో సముద్రం మైళ్ల దూరం బురదరంగు తిరుగుతుంది. ఉప్పు తగ్గుతుంది, ఒండ్రు సన్నటి రంధ్రాలను పూడ్చేస్తుంది. నీటిని వడకట్టుకుని బతికే జీవికి ఇంతకన్నా కష్టం ఏముంటుంది? అందుకే ఒడ్డున ముద్దల కోసం తిరగడం కన్నా చిప్పలు ఏరుకోవడం మేలు. ఖాళీ చిప్పలే తీసుకోండి. బతికున్న స్పంజికను పీకొద్దు. కాల్కేరియా స్పంజికలు వన్యప్రాణి రక్షణ చట్టం జాబితాకెక్కినవి, బతికున్నదాన్ని కంటితో చూసి ఏ తరగతో తేల్చడం మీ వల్లా నా వల్లా అయ్యే పని కాదు.

నన్నడిగితే కొత్తవాళ్లకు సముద్రం కన్నా కాలువ మంచిది. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు లాకుల గోడలు, తూముల లోపలి వైపు, నీటిలో నానిన గుంజలు బయటపడతాయి. వాటి మీద బూడిదరంగు పెళుసు పొర కనిపిస్తే దగ్గరికి వెళ్లి చూడండి. పాచి అయితే జారుతుంది, తీగలా సాగుతుంది. స్పంజిక గరుగ్గా ఉండి ముక్కలవుతుంది. పొరలో ఆవగింజకన్నా చిన్న గుండ్రటి గింజలుంటే అవి జెమ్యూల్స్. తల్లి ఎండి చచ్చినా అవి ఎండను ఓర్చుకుని, నీళ్లు వదలగానే కొత్త స్పంజికలవుతాయి. జెమ్యూల్ చుట్టూ ఉండే ముళ్లు వేరే ఆకారంలో ఉంటాయి. ఎఫిడేషియా అనే మంచినీటి స్పంజికలో అవి ఇరుసుకు రెండు పళ్ల చక్రాలు తొడిగినట్టుంటాయి. మంచినీటి జాతులను విడదీయడానికి ఈ చిన్న ముళ్లే కీలకం. బొంబాయిలో హెచ్.జె. కార్టర్ 1840ల్లోనే చెరువుల్లో వీటిని చూసి రాశాడు. 1911లో జంతుశాస్త్రవేత్త నెల్సన్ అనండేల్ మన దేశపు మంచినీటి స్పంజికలన్నిటినీ ఒక సంపుటంలో చేర్చాడు. ఇద్దరూ ఆధారపడింది ముళ్ల మీదే.

ఎండిన పొరను గీకేటప్పుడు గ్లవ్స్ వేసుకోండి, గాలికి ఎదురుగా నిలబడకండి. ఆ చేత్తో కళ్లు నలుపుకుంటే గాజు పొడి పడినట్టే.

అభ్యాసం

వడ్లగింజంత ముక్క చాలు. చిన్న ఇంజక్షన్ సీసాలో వేసి, ద్రవ బ్లీచు మునిగేంత పోసి, మూత బిగించకుండా రాత్రంతా వదలండి. తెల్లారి పైనీళ్లు డ్రాపరుతో తీసేసి, టిన్నులోని శుద్ధిచేసిన నీళ్లు పోసి, కనీసం అరగంట తేరనివ్వండి. తొందరపడి వంపితే సన్న ముళ్లు నీళ్లతోపాటు పోతాయి. ఇలా ఐదుసార్లు. తర్వాత అడుగునుంచి ఒక చుక్క గాజుపలక మీద వేసి చూడండి. ఫోల్డ్‌స్కోప్ అనే కాగితపు సూక్ష్మదర్శిని అయినా సరిపోతుంది.

కాలువ ముక్కలో డయాటమ్‌లు అనే సూక్ష్మమైన శైవలాలూ ఉంటాయి, అవీ సిలికావే. వాటి మీద నగిషీ గీతలుంటాయి. స్పంజిక సిలికా ముల్లులో నడిమధ్య సన్నటి గొట్టం గీత కనిపిస్తుంది. కాల్సైట్ ముల్లులో అది ఉండదు.

నేనైతే వెనిగర్ కూడా అరుదుగా వాడతాను. పాత కాలిక్యులేటర్ తెర మీది పోలరైజర్ పొరను రెండు ముక్కలు చేసి, ఒకటి గాజుపలక కింద, ఒకటి పైన, వెలుగు ఆగిపోయేలా అడ్డంగా పెడతాను. కాల్సైట్ ముల్లు చీకట్లో మెరుస్తుంది, సిలికా ముల్లు కనిపించకుండా పోతుంది. ఇసుక కూడా మెరుస్తుంది కాబట్టి ఆకారం చూడటం మరవకండి.

పంపాల్సినవి: కాలువ పొర, కన్నాల చిప్ప, మీకు నచ్చిన మరొకటి, మొత్తం మూడు చోట్ల నుంచి. ఒక్కోదానికి ఇరవై ముళ్ల బొమ్మలు చేత్తో గీసి పంపండి. ఫోటో వద్దు, గీస్తేనే కొస ఎలా ఉందో కన్ను పట్టించుకుంటుంది. ప్రతి ముల్లు పక్కనా పొడవు, అది వెనిగర్‌కు కరిగిందో నిలిచిందో రాయండి. కొలబద్ద లేనివాళ్లు అదే పలక మీద తలవెంట్రుక ఒకటి పెట్టి, ముల్లు దానికి ఎన్ని రెట్లో రాస్తే చాలు. వీటన్నిటి పక్కన ఉత్త పరీక్ష ఫలితం. జాతి పేరు రాయకండి, తరగతి వరకే. ఈసారి ఎండాకాలంలో కాలువలు కట్టేసేదాకా కన్నాల చిప్పతో మొదలుపెట్టండి, ఆరో పాఠం దాంతోనే నడుస్తుంది.