శ్రావణ పేరంటానికి రిటర్న్ గిఫ్టులు: ఏం కొనాలి, ఎంత కొనాలి

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు తెలుగు వీధుల్లో శ్రావణ శుక్రవారం వస్తే ఒకే సాయంత్రం నాలుగైదు ఇళ్ల నుంచి పిలుపులు ఉంటాయి. పేరంటాళ్లు ఇంటికి చేరేసరికి చేతిలో నాలుగు జాకెట్టు ముక్కలు, నాలుగు గిన్నెలు. వాటిలో సగం బీరువాలో పడుండి, మరుసటి ఏడాది ఇంకొకరి తాంబూలంలోకి వెళ్లిపోతాయి. లక్ష్మీదేవిగా భావించి ఇచ్చేది అలా చేతులు మారుతూ తిరగకూడదు. నెలలోపు వాడుకునే వస్తువే ఎంచండి.

ముందు లెక్క తేల్చుకోండి. పాతికమందిని పిలిస్తే ముప్ఫై మందికి సిద్ధం చేయాలి, వెంట ఆడపడుచునో కోడలినో తీసుకొచ్చేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. మనిషికి రెండు చొప్పున 60 అరటిపళ్లు, అంటే ఐదు డజన్లు. రెండు రోజుల ముందు కాస్త పచ్చిగా ఉన్నవి తెచ్చుకుంటే ఆ రోజుకి సరిగ్గా పండుతాయి. తమలపాకులు 60 కావాలి, చిరిగినవి తీసేయాలి కాబట్టి వంద కొనండి. పూజ రోజు పొద్దున తెచ్చి తడిగుడ్డలో చుట్టి ఉంచండి.

శనగల దగ్గరే ఎక్కువమంది ఇబ్బంది పడతారు. కిలో శనగలు నానితే సుమారు రెండు కిలోలవుతాయి. మనిషికి 60 గ్రాములు ఇవ్వాలంటే ముప్ఫై మందికి 900 గ్రాముల ఎండు శనగలు చాలు. ఎనిమిది నుంచి పది గంటలు నానబెట్టి, నీళ్లు వార్చి, పొడి గుడ్డ మీద అరగంట ఆరనివ్వండి. తడిగానే ప్లాస్టిక్ కవర్లో కడితే వానాకాలపు ఉక్కకి సాయంత్రానికల్లా జిగురొచ్చి వాసన వేస్తాయి. కవర్ల బదులు అడ్డాకు దొన్నెలు వాడండి. రాయగడ, గుణుపురం సంతల్లో దొరుకుతాయి. ఒడియా దుకాణంలో అయితే సియాళి ఆకు దొన్నెలని అడగండి.

ఇక అసలు కానుక. మన ప్రాంతానికి అన్నిటికన్నా తగినది పసుపు. పక్కనే ఉన్న కంధమాల్ జిల్లా పసుపుకి 2019లో జీఐ, అంటే ఆ ప్రాంతపు ప్రత్యేక సరుకని తెలిపే భౌగోళిక గుర్తింపు వచ్చింది. కిలో కొని 50 గ్రాముల చొప్పున పొట్లాలు కడితే ఇరవై వస్తాయి, ముప్ఫై మందికి కిలోన్నర కావాలి. గుడ్డ సంచిలో మాత్రం వేయకండి, చెమ్మ పీల్చి గడ్డ కడుతుంది. మూత గట్టిగా పట్టే చిన్న స్టీలు డబ్బాలో పోసిస్తే పసుపూ వాడతారు, డబ్బా పోపులపెట్టె పక్కన నిలిచిపోతుంది. డబ్బా కొనేటప్పుడు బొటనవేలితో గోడ నొక్కి చూడండి, లోపలికి పోతే వద్దు.

కుంకుమని ఇంట్లోనే పరీక్షించవచ్చు. చిటికెడు కుంకుమ మీద నిమ్మరసం పిండండి. పసుపు, సున్నంతో చేసినదైతే పులుపు తగలగానే పసుపురంగుకి తిరుగుతుంది. కృత్రిమ రంగు కలిపినది ఎర్రగానే ఉంటుంది, నుదుటి మీద దురద పెట్టేది చాలాసార్లు అదే.

జాకెట్టు ముక్కే పెట్టాలనుకుంటే మీటరు కాటన్ ముక్క తీసుకోండి. కట్టలుగా అమ్మే 80 సెంటీమీటర్ల ముక్క మోచేతి వరకూ చేతులు కుట్టించుకునేవాళ్లకు చాలదు, మూలపడే ముక్కలు ఎక్కువగా ఇవే. తెల్ల గుడ్డ తడిపి ఒక మూల రుద్ది రంగు దిగుతుందేమో చూడండి. నలుపు, తెలుపు వద్దు. గాజులైతే ముప్ఫై మందికి రెండు-నాలుగు సైజు ఎనిమిది జతలు, రెండు-ఆరు పద్నాలుగు, రెండు-ఎనిమిది ఎనిమిది తీసుకుంటే దాదాపు అందరికీ సరిపోతాయి. సైజులవారీగా వేరే పళ్లేల్లో ఉంచి, ఇచ్చేటప్పుడు చేతిని చూసి ఇవ్వండి.

బరంపురం అప్పడాలు మంచి కానుకే. అయితే వెల్లుల్లి వేసినవి కొనకండి, పూజ రోజుల్లో ఉల్లి, వెల్లుల్లి ముట్టని ఒడియా ఇరుగుపొరుగు కూడా పేరంటానికి వస్తారు. వానాకాలం కాబట్టి రెండు మూడు రోజుల ముందు కొని గాలి తగలకుండా ఉంచాలి. పర్లాకిమిడి కొమ్ము దువ్వెనలు ఎంతో అందంగా ఉంటాయి, కానీ అవి పశువుల కొమ్ముతో చేసినవి. పూజ తాంబూలంలో వద్దు, పుట్టినరోజుకి ఇవ్వండి. కత్తెర, చాకు లాంటి పదునైనవి అసలు వద్దు.

ఇదే లెక్క మార్గశిర లక్ష్మివారాలకీ, అంటే ఆ నెల గురువారాల పూజలకీ పనికొస్తుంది, ఒక్క మార్పుతో. ఆ రోజు ఇంట్లోంచి డబ్బు, ధాన్యం బయటికి పంపని కుటుంబాలు ఇక్కడ చాలా ఉన్నాయి. తాంబూలంలో నాణెం పెట్టే అలవాటుంటే ముందే ఇంట్లో పెద్దవాళ్లని అడగండి.

పసుపు కుంకుమలు తీసుకోని వాళ్లు కూడా పిలుపు మన్నించి వస్తారు. వాళ్ల కోసం పళ్లు, అప్పడాలు, ఒక మంచి చేసంచి కలిపి ఐదారు పొట్లాలు విడిగా కట్టి ఉంచండి. ఎవరికి ఏది ఇవ్వాలో ఆ క్షణంలో తడబడితే ఎదుటి మనసు నొచ్చుకుంటుంది. వాటిని గుమ్మం దగ్గరే, మిగతా తాంబూలాల పక్కనే పెట్టుకోండి, లోపలికి వెళ్లి వెతికి తెచ్చేలా ఉండకూడదు.