వంటింటి లెక్కలు – 4వ పాఠం: గిద్ద, సోల, దోసెపిండి

పోయిన పాఠంలో ఇడ్లీ రేకుల గుంటలతో ఎక్కాలు చదివించాం. ఈసారి కొలతలు, నిష్పత్తి. రెండు, మూడు తరగతుల పిల్లలకు సరిపోతుంది.

నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు పాత ఇళ్లలో గింజలు కొలిచే పాత్రలు గిద్ద (చిన్నది), సోల (పెద్దది) అటక మీదైనా దొరుకుతాయి. వేరువేరు చోట్ల కొన్నవైతే పొంతన కుదరదు, ముందు మీరే ఒకసారి పోసి చూసుకోండి. లేకుంటే టీ గ్లాసునే గిద్ద అనుకుని, నాలుగు గ్లాసులు పట్టే చోట గిన్నెకు గీత పెట్టండి. బియ్యం రేషన్‌వి చాలు, మొలగొలుకుల్లాంటి మంచి బియ్యం అన్నానికి ఉంచుకోండి.

సోలలో ఎన్ని గిద్దలు పడతాయో ముందే అడిగి, చెప్పిన అంకె పలక మీద రాయించండి. తర్వాత పోయించండి. నాలుగు పట్టాలి. నాలుగోది పూర్తిగా పట్టకముందే నిండిందంటే పిల్లవాడు గిద్దను గోపురంలా నింపుతున్నాడన్నమాట. అంచు వెంట వేలితో చదును చేయడం చూపించండి. రెండు గిద్దల దగ్గర ఆపి ‘సోలలో ఇదెంత?’ అనండి. సగం, అదే అరసోల. ఒక్క గిద్ద అయితే పావు. భిన్నాన్ని గీత గీసి రాయడం ఇప్పుడే వద్దు.

ఇక దోసెపిండి. మినపగుళ్లు 1 గిద్ద, బియ్యం 3 గిద్దలు, చిటికెడు మెంతులు. ‘రేపు అత్తావాళ్లు వస్తున్నారు, పప్పు 2 గిద్దలు పోద్దాం. మరి బియ్యం?’ అని అడగండి. చాలామంది 4 అంటారు. పప్పుకు ఒకటి కలిపాం కాబట్టి బియ్యానికీ ఒకటి కలిపేస్తారు. ఈ పాఠంలో అసలు చిక్కు ఇదే. తప్పని కొట్టిపారేయకండి. పాత పేపరు మీద ఒక పప్పు పోగు, దాని కింద మూడు బియ్యం పోగులు పెట్టించండి. పక్కనే అచ్చం అలాగే ఇంకో వరుస. ఇప్పుడు బియ్యం పోగులు లెక్కపెట్టమంటే ఆరని తనే చెబుతాడు. పలక మీద 1–3, 2–6, 3–9 రాసి నాలుగో వరుస వాడికి వదిలేయండి. 4 గిద్దల పప్పు ఒక సోల, 12 గిద్దల బియ్యం మూడు సోలలు. పాత్ర మారినా ఒకటికి మూడే! అక్కడ కాసేపు ఆగండి.

రెండుకు నాలుగు పోస్తే ఏమవుతుందని అడిగితే, కొంచెం పిండి విడిగా అలాగే రుబ్బి పెనం మీద చూపించండి. పప్పు ఎక్కువై దోసె మెత్తబడుతుంది, పల్చగా తిప్పడానికి రాదు. కరకరలాడాల్సిన కారం దోసెకు అది పనికిరాదు.

కొలిచేది నానబెట్టకముందే. గిద్ద పప్పు నానితే రెండు గిద్దలు దాటుతుంది, బియ్యం అంత ఉబ్బదు. నానాక కొలిస్తే ఒకటికి మూడు లెక్క చెడుతుంది. నానిన పప్పును కూడా కొలిపించి, పలక మీద మొదటి అంకె పక్కనే రాయించండి.

ఇంటిపని: బియ్యం 15 గిద్దలుంటే పప్పెంత? అంకెలతో తేలకపోతే చింతగింజలు పేర్చనివ్వండి.

వచ్చే పాఠానికి వంటింటి త్రాసు, పావుకిలో పుట్నాలపప్పు సిద్ధం చేసుకోండి.