పెడల్ స్టీల్ మీద ‘ఫేర్‌వెల్ పార్టీ’ సోలో ఎలా నేర్చుకోవాలి?

ఈ సోలో మొదటిసారి విన్నప్పుడు ఇందులో ఏముంది, నాలుగు జారులూ కాస్త ఏడుపూ, నెలలో పట్టేస్తాను అనుకున్నాను. రెండేళ్లు పట్టింది. ఇప్పటికీ రికార్డు పక్కన పెట్టి వింటే అది అదే, నాది నాదే. ఆ రెండేళ్లలో ఏడాదిన్నర తప్పుడు వరసలో కష్టపడి పాడుచేసుకున్నాను కాబట్టి, అసలు వరస ఎలా ఉండాలో చెప్తాను.

పాట సంగతి ముందు. రాసింది లాటన్ విలియమ్స్, 1979లో హిట్ చేసింది కంట్రీ గాయకుడు జీన్ వాట్సన్. పేరు చూసి ఆఫీసులో కేకు కోసి పంపించే వీడ్కోలు అనుకోకండి. ఈ పాటలో మనిషి తన చావు తర్వాత జరిగే తంతునే వీడ్కోలు పార్టీ అంటున్నాడు, తను ప్రేమించిన మనిషికి ఆ రోజు హాయిగానే ఉంటుందని కూడా అతనికి తెలుసు. అంత బరువున్న పాట మధ్యలో స్టీల్ సోలో వస్తుంది, వాయించింది లాయిడ్ గ్రీన్. వాట్సన్ తర్వాత తన బ్యాండుకే ఈ పాట పేరు పెట్టుకున్నాడు. పేరు రాకముందు ఆయన హ్యూస్టన్‌లో పగలు కార్ల బాడీలు బాగుచేసి రాత్రిళ్లు క్లబ్బుల్లో పాడేవాడు. నేనుండేది హ్యూస్టన్ పక్కన కేటీలో, వీధికి నలుగురు తెలుగువాళ్లం ఉంటాం, అందులో ఈ పిచ్చి పట్టింది నాకొక్కడికే.

పెడల్ స్టీల్ గిటార్ ఎప్పుడూ చూడనివాళ్లకి రెండు ముక్కల్లో. కాళ్ల మీద నిలబెట్టిన బల్ల లాంటి దాని మీద పది తీగలుంటాయి. వేళ్లతో ఫ్రెట్ నొక్కడం ఉండదు, ఎడమ చేత్తో ఉక్కు బారు తీగల మీద జరుపుతారు, ఫ్రెట్లు ఉత్త గీతలే. మన గోటువాద్యం చూసినవాళ్లకి ఇంతవరకూ కొత్తేం కాదు. తేడా ఏంటంటే ఇక్కడ ఎడమ కాలి కింద ఎ, బి, సి అనే పెడల్స్ (ఇవి స్వరాల పేర్లు కావు), మోకాళ్ల పక్కన లీవర్లు ఉంటాయి, అవి మోగుతున్న తీగ శృతినే పెంచుతాయి లేదా దించుతాయి. కుడి కాలి కింద వాల్యూమ్ పెడల్. అంటే రెండు చేతులు, రెండు పాదాలు, రెండు మోకాళ్లు కలిసి ఒక్క గొంతులా పలకాలి, టెన్షన్ అంతా అక్కడే.

ముందు గిటార్ ముట్టుకోకండి

నిజంగానే. ఒక వారం పాటు సోలో ఒక్కటే కోసి పెట్టుకుని వినండి, కారులో, వంట చేస్తూ, ఎక్కడైనా. వింటూ పాడండి, పాడటం రాకపోతే కూనిరాగం తీయండి. ఎక్కడ ఊపిరి తీసుకోవాలనిపిస్తుందో అక్కడ ఒక వాక్యం ముగిసినట్టు, కాగితం మీద గీత పెట్టుకోండి. నేను ఇది చేయకుండా సరాసరి ట్యాబ్, అంటే ఏ తీగ ఏ ఫ్రెట్‌లో వాయించాలో రాసి ఉండే కాగితం, తెచ్చుకుని కూర్చున్నాను. ట్యాబ్‌లో తీగ వరసలో 10ఎ అని ఉంటే పదో ఫ్రెట్‌లో ఆ తీగ, ఎ పెడల్ నొక్కి అని అర్థం, అంతవరకూ ఉపయోగమే. ఆ స్వరం ఎంతసేపు నిలబడాలో, ఎలా సన్నబడాలో మాత్రం ఏ ట్యాబూ చెప్పదు. ఈ సోలోలో సగం సంగతి అదే.

స్పీడు తగ్గించి వినే యాప్ ఏదైనా వాడండి, శృతి మారకుండా సగం వేగానికి దించండి. పాటే నెమ్మది కదా ఇంకా తగ్గించడం దేనికి అంటారేమో, నెమ్మది పాటలోనే ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి వెళ్లే దారి పొడుగ్గా ఉంటుంది, ఆ దారి వినపడాలి.

శృతి చేయడం, ట్యూనర్ మాట పూర్తిగా వినకుండా

పది తీగల ఇ9 ట్యూనింగ్ ఒకటో తీగ నుంచి ఇలా: ఎఫ్ షార్ప్, డి షార్ప్, జి షార్ప్, ఇ, బి, జి షార్ప్, ఎఫ్ షార్ప్, ఇ, డి, బి. ఒకటో తీగే అన్నిటికంటే హెచ్చు అనుకుంటాం గానీ కాదు, మూడోది హెచ్చు. మామూలు అమరికలో ఎ పెడల్ బి తీగల్ని సి షార్ప్‌కి లేపుతుంది, బి పెడల్ జి షార్ప్ తీగల్ని ఎ దాకా లేపుతుంది, సి పెడల్ నాలుగో తీగ ఇ ని ఎఫ్ షార్ప్‌కీ అయిదో తీగ బి ని సి షార్ప్‌కీ లేపుతుంది. ఒక మోకాలి లీవర్ ఇ తీగల్ని ఎఫ్‌కి పెంచుతుంది, ఇంకోటి డి షార్ప్‌కి దించుతుంది. ఏ మోకాలికి ఏది అనేది గిటార్‌ని బట్టి మారుతుంది. స్టీల్ వాద్యకారులు జిమ్మీ డే, బడ్డీ ఎమ్మన్స్ పేర్ల మీద రెండు అమరికలున్నాయి, డే అమరిక ఉన్న గిటార్ అయితే పెడల్స్ వరస కూడా ఎమ్మన్స్ అమరికకి తిరగేసి ఉంటుంది, సెకండ్‌హ్యాండ్ కొనేవాళ్లు ముందు ఇది చూసుకోండి.

ఇప్పుడు అసలు విషయం. అన్ని తీగల్నీ ట్యూనర్ ముల్లు మధ్యకి తెచ్చి కార్డు, అంటే కలిసి పలికే కొన్ని స్వరాలు, మీటితే గరగరలాడుతుంది. ఇ కార్డులో జి షార్ప్ అంటే మన లెక్కలో గాంధారం, దాన్ని ట్యూనర్ చూపించే చోటు కంటే 14 సెంట్ల దాకా దించితేనే ఇ తో అతుక్కుపోతుంది. సెంటు అంటే అరస్వరంలో నూరో వంతు. తంబుర మీటితే ఎవరూ వాయించకుండా దానంతట అదే పలికే స్వయంభూ గాంధారం ఉంటుంది చూడండి, అదే ఇది. చిన్నప్పుడు నాలుగు రోజులు సంగీతం క్లాసుకి వెళ్లినవాళ్లకి కూడా ఈ తేడా చెవికి తెలుస్తుంది, వాళ్లకి ఈ ఒక్కచోట పని సులువు. ఇంకోటి, పెడల్స్ నొక్కినప్పుడు గిటార్ బాడీ కొద్దిగా వంగి మిగతా తీగలు కూడా వెంట్రుకవాసి దిగుతాయి, కాబట్టి పెడల్ వదిలి ఒకసారి, నొక్కి ఒకసారి చూసుకోవాలి.

పాత రికార్డు మీ ట్యూనర్‌తో కలవకపోతే గిటార్ చెవులు తిప్పకండి, యాప్‌లో రికార్డు శృతే కాస్త జరపండి.

జారుతున్నది బారా, పెడలా?

ఎక్కువ టైమ్ ఇక్కడ పెట్టండి. ఒకే స్వరాన్ని బారు జరిపి అందుకోవచ్చు, పెడల్ నొక్కి అందుకోవచ్చు, రెండూ ఒకటి కాదు. ఎలా కనిపెట్టాలంటే, రెండు మూడు తీగలు కలిసి మోగుతున్న చోటు తీసుకోండి. అన్నీ ఒక్కసారే మందలా కదిలితే అది బారు. ఒకటి కదలకుండా నిలబడి పక్కది మాత్రం దానివైపు పాకుతుంటే అది పెడల్. ఒకటి ఎక్కుతూ ఒకటి అక్కడే ఉంటే, కానీ ఫ్రెట్ కూడా మారినట్టు అనిపిస్తే, రెండూ కలిసి జరిగాయని అనుమానించండి. ఉదాహరణకి ఎ పెడల్ నొక్కి ఉంచి, బారు రెండు ఫ్రెట్లు పైకి జరుపుతూ అదే వేగంతో పెడల్ వదిలితే, అయిదో తీగ స్వరం ఉన్నచోటే ఉంటుంది, మూడూ నాలుగూ తీగలు మాత్రం ఎక్కుతాయి. మొదటిసారి ఇది చేతికి వచ్చిన రోజు నేను దాన్నే అరగంట వాయించాను, మా అమ్మాయి వచ్చి గరాజ్ తలుపు పాడైందా అని అడిగింది.

పెడల్‌కి ఇంకో గుర్తుంది. అది బయల్దేరే చోటూ చేరే చోటూ ఖాయం, చేరాక స్వరం నిటారుగా నిలబడుతుంది. బారుతో చేరినప్పుడు చివర్న కాస్త ఊగుతుంది.

ఏ ఫ్రెట్‌లో అనేది కూడా ఇలాగే తేల్చుకోవాలి. జి కార్డు కావాలంటే మూడో ఫ్రెట్‌లో పెడల్స్ లేకుండా ఉంది, ఆరో ఫ్రెట్‌లో ఎ పెడలూ ఇ ని పెంచే లీవరూ కలిపితే ఉంది, పదో ఫ్రెట్‌లో ఎ, బి పెడల్స్ కలిపితే ఉంది. ఏ శృతిలోనైనా ఈ దూరాలు మారవు, పెడల్ లేని చోటు నుంచి మూడు, ఏడు ఫ్రెట్లు పైన. ఒక వాక్యం వినగానే మూడు చోట్లా వాయించి చూడండి, రెండు చోట్ల చేయి మెలితిరిగిపోతుంది, మూడో చోట ఒకే కదలికలో వచ్చేస్తుంది. సాధారణంగా అదే సరైన చోటు.

వాక్యం దొరికాక కుడి చెయ్యి పక్కన పెట్టి, మీటకుండా కాళ్లూ మోకాళ్లూ బారూ మాత్రం కదిపి ఇరవై సార్లు చేయండి. ఎ నుంచి ఎ, బి రెండిటికీ వెళ్లేటప్పుడు పాదం ఎత్తకండి, మడమ ఆనించే ఉంచి చీలమండ తిప్పండి. రోజుకి ఒక్క వాక్యం చాలు.

పైకి వెళ్లేకొద్దీ

తీగ పొడవు 24 అంగుళాలు అనుకుంటే మొదటి ఫ్రెట్ వెడల్పు 34 మిల్లీమీటర్లు, పన్నెండో గీత దాటాక 17, పంతొమ్మిది దాటాక 11. కింద ఒక మిల్లీమీటర్ పక్కకి జరిగితే ఎవరికీ తెలియదు, పైన అదే మిల్లీమీటర్ చెవిలో ముల్లులా గుచ్చుకుంటుంది. గీతని ఎప్పుడూ సరిగ్గా పైనుంచి చూడాలి, తల పక్కకి వాలిస్తే గీత జరిగినట్టు కనిపిస్తుంది. చివరికి మాత్రం చెవినే నమ్మాలి. బారు వెనక ఉంగరం వేలూ చిటికెన వేలూ తీగల మీద ఆనించి లాగుతూ వెళ్లండి, లేకపోతే బారు వెనక మిగిలిన తీగ ముక్క కూడా గుసగుసలాడుతుంది.

కుడి కాలు

నా ఏడాదిన్నర పోయింది ఇక్కడే. స్వరాలన్నీ వచ్చేశాయని సంబరపడి ఫోన్‌లో రికార్డు చేసుకుని విన్నాను, ప్రతి స్వరం ముందు భళ్లుమని మోగి వెంటనే చచ్చిపోతోంది. కారణం వాల్యూమ్ పెడల్ మొదటి నుంచీ నేలకి ఆనించేయడం. అప్పటికే పూర్తిగా తొక్కేశాక స్వరం సన్నబడుతుంటే ఇంకా పెంచడానికి ఏం మిగులుతుంది?

మీటేటప్పుడు పెడల్ సగంలో ఉండాలి. తీగ సహజంగా తగ్గుతున్నంత మేర పాదం దిగుతూ పోవాలి, వినేవాళ్లకి అసలు తగ్గినట్టే తెలియకూడదు. పాట అంతా పక్కన పెట్టి ఒకే తీగ, ఒకే స్వరం, ఎనిమిది లెక్కలు సమానంగా నిలబెట్టడం రోజూ పది నిమిషాలు చేయండి. విసుగే. కానీ ఈ సోలో ఏడ్చినట్టు వినిపించేది దీనివల్లే, బారు ఊపడం వల్ల కాదు. తాళానికి కాలు ఆడించే అలవాటు కుడి పాదానికి ఉంటే మాన్పించాలి, లేకపోతే ప్రతి దెబ్బకీ స్వరం పొంగుతూ కుంగుతూ ఉంటుంది. పెడల్ పూర్తిగా మూసి మీటి తర్వాత తెరిస్తే వయొలిన్ లాగా వస్తుంది, బాగుంటుంది, అందుకే జనం అతిగా వాడతారు.

ఆపడం గురించి ఎక్కువ చెప్పను. ఒక స్వరం అయ్యాక అరచేతి అంచు తీగల మీద ఆనించి ఆపి, ఆ వెంటనే తర్వాతది మీటాలి. మెల్లటి పాటలో రెండు పాత స్వరాలు కలిసి మోగితే బురద.

రికార్డుతో కలిపి

అన్ని వాక్యాలూ విడివిడిగా వచ్చాక కూడా వెంటనే కలపకండి. పక్కపక్కన ఉన్న రెండేసి వాక్యాలు కలపండి, ఎందుకంటే తప్పులన్నీ వాక్యాల మధ్య అతుకుల దగ్గరే వస్తాయి, బారు ఎగిరి ఇంకో చోట దిగే ఆ క్షణంలో. తర్వాత రికార్డుతో పాటు, చిన్న సౌండ్‌తో, వినడం ఆపకుండా వాయించండి. మీరు వినపడుతున్నారంటే ఎక్కడో తేడా ఉన్నట్టు, మీరూ రికార్డూ కలిసి ఒక్కటిగా మాయమైపోతే దారిలో ఉన్నట్టు. ఆ తర్వాతే రికార్డు తీసేసి సోలో లేని ఉత్త బ్యాకింగ్ మీద వాయించండి, అప్పుడు మాత్రం అచ్చు కాపీ కొట్టాలన్న పట్టుదల వద్దు.

మూడో తీగలు అరడజను విడిగా కొని పెట్టుకోండి. సాధారణంగా 0.011 అంగుళం మందం, బి పెడల్ లాగిన ప్రతిసారీ దాని మీదే భారం, తెగేది ఎప్పుడూ అదే. తెగితే పెడల్ నొక్కి పట్టుకుని కొత్తది బిగించకండి, వదిలేసి బిగించండి, జి షార్ప్‌కి తెచ్చాక పెడల్‌ని పది ఇరవై సార్లు తొక్కి సాగనిచ్చి మళ్లీ శృతి చేయండి.