పాత ఎస్‌యూవీ సస్పెన్షన్‌ను తక్కువ ఖర్చులో బాగు చేసుకోవడం ఎలా?

స్పీడ్ బ్రేకర్ దగ్గర కింద నుంచి కడకడ వినిపించగానే చాలామంది నేరుగా షాక్ అబ్జార్బర్లు (షాకర్లు) కొనడానికి వెళ్తారు. నాలుగూ కొత్తవి బిగించాక కూడా ఆ చప్పుడు పోదు. పదేళ్లు దాటిన బొలేరో, క్వాలిస్, టవేరా, సఫారీ, స్కార్పియో లాంటి బండ్లలో ఆ శబ్దం ఎక్కువగా అరిగిన రబ్బరు బుష్‌లది (అతుకుల్లో కుదుపు ఆపే రబ్బరు గొట్టాలు), లింక్ రాడ్లది, వదులైన బోల్టులది. షాకర్ల ఖరీదు ముందు వీటి ఖరీదు చాలా చిన్నది. డబ్బు తక్కువగా ఉన్నప్పుడు ఏది ముందు, ఏది తర్వాత అన్నదే అసలు లెక్క. మొదట చక్రాన్ని సస్పెన్షన్‌కు పట్టి ఉంచే బాల్ జాయింట్లు, స్టీరింగ్‌ను చక్రానికి కలిపే టై రాడ్ ఎండ్‌లు. అవి ఊడితే చక్రం మన చేతిలో ఉండదు. తర్వాత బుష్‌లు, ఆ తర్వాత షాకర్లు. స్ప్రింగులు అన్నిటికన్నా చివర.

విశాఖలో దీనికి తోడు ఉప్పుగాలి ఉంది. బీచ్ రోడ్డులోనో భీమిలి వైపో రాత్రంతా బయట నిలబడే బండి కింద బోల్టులు, బుష్ లోపలి ఇనుప గొట్టాలు కలిసి తుప్పుతో ఒకటైపోతాయి. ఇక్కడ పని ఆలస్యమయ్యేది పార్టు మార్చడంలో కాదు, పాత బోల్టు ఊడదీయడంలో. కాబట్టి పని పెట్టుకునే రెండు రోజుల ముందే ప్రతి బోల్టునూ వైర్ బ్రష్‌తో రుద్ది, తుప్పు వదిలించే స్ప్రే కొట్టండి. మర్నాడు సాయంత్రం మళ్లీ కొట్టండి. ఆ స్ప్రే గానీ, డీజిల్ గానీ, పాత ఇంజిన్ ఆయిల్ గానీ రబ్బరు మీద పడకూడదు. వానాకాలం ముందు బండి కింద పాత ఆయిల్ కొట్టించే అలవాటు చాలా చోట్ల ఉంది. ఇనుముకు అది మంచిదే కావచ్చు, కానీ ఆయిల్ తాగిన రబ్బరు ఉబ్బి మెత్తబడి, కొన్నాళ్లకు ముక్కలుగా రాలిపోతుంది.

ఏది పోయిందో కనిపెట్టడం

చదునైన నేల మీద, బండిలో సామాను లేకుండా, నాలుగు టైర్లలో సరైన గాలి పెట్టి మొదలుపెట్టండి. చక్రం మధ్య నుంచి దాని మీది ఫెండర్ అంచు దాకా టేపుతో కొలిచి నాలుగు మూలలూ రాసుకోండి. ఒకే యాక్సిల్ మీద కుడికీ ఎడమకీ సెంటీమీటరున్నర కన్నా ఎక్కువ తేడా ఉంటే ఆ వైపు స్ప్రింగు కూర్చున్నట్టు అనుమానించాలి.

చప్పుడు కూడా చాలా చెబుతుంది. చిన్న చిన్న గుంతల మీద వరసగా కడకడ అంటే స్టెబిలైజర్ బార్ (మలుపుల్లో బండి ఒరగకుండా ఆపే కడ్డీ) లింకులు. బ్రేకు వేసిన క్షణంలో ఒక్కసారే ‘టక్’ మంటే లోయర్ ఆర్మ్ (చక్రాన్ని చాసిస్‌కు కలిపే కింది చేయి) బుష్. స్పీడ్ బ్రేకర్ ఎక్కి దిగేటప్పుడు కీచుమంటే కమాన్ కట్టల (లీఫ్ స్ప్రింగుల) బుష్‌లు, కట్ట చివరను చాసిస్‌కు వేలాడదీసే షాకిల్. పెద్ద గుంతలో ‘ధడ్’ మంటే బంప్ స్టాప్ (సస్పెన్షన్ పూర్తిగా నొక్కుకున్నప్పుడు దెబ్బ ఆపే) రబ్బరు చిరిగిపోయిందో, మొత్తానికే లేదో చూడండి. ఈ రబ్బరు లేని బండికి ఎంత మంచి షాకర్ వేసినా లోపల దెబ్బతింటుంది. కీచుమనేది ఏ బుష్షో తేలకపోతే ఒక్కో బుష్ మీద సబ్బునీళ్లు చల్లి బండి ఊపండి. చప్పుడు ఆగిన చోటే దొంగ దొరికినట్టు.

షాకర్ సంగతికొస్తే, బానెట్ మూల నొక్కి వదిలి చూసే పరీక్షను బరువైన బండ్లలో పూర్తిగా నమ్మలేం. బండి రెండు మూడుసార్లు ఊగితే షాకర్ పోయినట్టే, కానీ ఊగకపోయినంత మాత్రాన బాగున్నట్టు కాదు. షాకర్ ఒంటి మీద ఆయిల్ కారి దుమ్ము బురదలా పట్టిందా చూడండి. పైన పల్చగా చెమ్మ మాత్రమే ఉంటే కంగారు లేదు. టైరు చుట్టూ అరచేయి నడిపితే ఎత్తుపల్లాలుగా గుంటలు తగులుతున్నాయంటే అది షాకర్ పనే. టైరు లోపలి అంచు ఒక్కటే అరిగితే అలైన్‌మెంట్ తప్పిందో, ఆర్మ్ బుష్‌లో ఆట (వదులు కదలిక) వచ్చిందో చూడాలి.

ఇక బాల్ జాయింట్. స్ప్రింగు బరువు లోయర్ ఆర్మ్ మీద పడే బండ్లలో జాకీని చాసిస్ కింద పెట్టి లేపి చూస్తే ఏ ఆటా కనిపించదు. వేలాడే ఆర్మ్‌ను స్ప్రింగు గట్టిగా కిందికి నొక్కిపెట్టి ఉంచుతుంది, అరిగిన జాయింట్ కూడా బిగువుగానే అనిపిస్తుంది. జాకీని లోయర్ ఆర్మ్ కింద, బాల్ జాయింట్‌కు వీలైనంత దగ్గరగా పెట్టి చక్రాన్ని నేల నుంచి నాలుగైదు సెంటీమీటర్లు లేపండి. టైరు కింద గడ్డపార లాంటిది పెట్టి ఒకరు పైకి ఎత్తుతుంటే రెండోవారు జాయింట్ వైపు చూడాలి. తర్వాత చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపండి. ఆట ఉంటే లోపలివాళ్లను బ్రేకు తొక్కమనండి. బ్రేకు తొక్కగానే ఆట పోతే తప్పు వీల్ బేరింగ్‌ది, పోకపోతే బాల్ జాయింట్‌ది. అటూ ఇటూ పట్టుకుని ఊపినప్పుడు కదిలితే టై రాడ్ ఎండ్‌లను చూడాలి. ఈ పరీక్షలో తేలిన బాల్ జాయింట్‌తో అరకు ఘాట్ ఎక్కొద్దు. అనంతగిరి మలుపుల్లో బండి బరువంతా ఒక పక్కకు ఒరిగినప్పుడు భారం మోసేది ఆ జాయింటే.

ఏం కొనాలి, ఏం కొనకూడదు

ముందు వైపు స్టెబిలైజర్ బార్‌కు బుష్‌లు రెండు, లింకులు రెండు. చాలా డబుల్ విష్‌బోన్ (ఒక్కో ముందు చక్రానికి పైన ఒకటి, కింద ఒకటి ఆర్మ్ ఉన్న) బండ్లలో లోయర్ ఆర్మ్ బుష్‌లు నాలుగు, అప్పర్ ఆర్మ్‌వి నాలుగు. కమాన్ కట్టలున్న వెనక భాగంలో ఒక్కో వైపు ముందు కన్నుకు, వెనక కన్నుకు, షాకిల్ పై భాగానికి ఒక్కో బుష్. కొన్ని బండ్లకు ఇవి రెండు ముక్కలుగా వస్తాయి, కాబట్టి పాతది పట్టుకెళ్లి పోల్చి కొనండి. కట్టను యాక్సిల్‌కు బిగించే యూ బోల్టులు ఒక్కో వైపు రెండు, మొత్తం నాలుగు, వాటికి ఎనిమిది నట్లు. తుప్పు పట్టిన ప్రతి బుష్‌కూ ఒక కొత్త బోల్టు కూడా తెచ్చుకోండి. పాతది కోయకుండా ఊడుతుందన్న హామీ లేదు. బోల్టు తల మీద 8.8, 10.9 లాంటి అంకె ఉంటుంది. పాత దాని మీద ఏముంటే కొత్త దాని మీదా అదే ఉండాలి. అంకె లేని హార్డ్‌వేర్ కొట్టు బోల్టు సస్పెన్షన్‌కు పనికిరాదు.

గాజువాక ఆటోనగర్ లాంటి చోట పాత సామాను కొనాలనుకుంటే ఆర్మ్‌లు, స్టెబిలైజర్ బార్, షాకిల్ ప్లేట్లు తీసుకోవచ్చు. అయితే వంకర, పగులు, వెల్డింగ్ మచ్చ లేవని చూసుకోవాలి. బాల్ జాయింట్లు, టై రాడ్ ఎండ్‌లు, షాకర్లు, యూ బోల్టులు మాత్రం పాతవి వద్దే వద్దు. ఆయిల్ మార్చి రంగేసిన షాకర్ కొన్నాళ్లు బాగానే ఉన్నట్టు అనిపిస్తుంది, తర్వాత మళ్లీ మజూరీ పెట్టి విప్పాలి. పాలీయూరిథేన్ బుష్‌లు ఎక్కువ కాలం మన్నే మాట నిజమే. కానీ ఖరీదెక్కువ, కుదుపు పెరుగుతుంది, గ్రీజ్ ఆరితే కీచుమంటాయి. తక్కువ బడ్జెట్‌లో కంపెనీ రబ్బరు బుష్షే మేలు.

బుష్ ధర కన్నా దాన్ని ప్రెస్ మీద దింపి ఎక్కించే మజూరీ ఎక్కువ కావచ్చు. అందుకే ఆర్మ్ బయటికి వచ్చినప్పుడు దానికున్న రెండు బుష్‌లూ ఒకేసారి మార్చేయాలి.

పని మొదలు

కనీసం రెండు స్టాండ్లు, రెండు మూడు టన్నుల హైడ్రాలిక్ జాకీ, 17 నుంచి 24 దాకా రింగ్ పానాలు, సాకెట్లు, పొడవైన ఇనుప గొట్టం, టార్క్ రెంచి (ఎంత బిగువు పెడుతున్నామో చూపే పానా) కావాలి. రెంచి కొననక్కర్లేదు, అద్దెకో అప్పుకో చూసుకోండి. జాకీ ఒక్కదాని మీద ఉన్న బండి కింద తల పెట్టొద్దు. ఇసుక నేల, కొత్తగా వేసిన తారు అసలే వద్దు. హ్యాండ్ బ్రేక్ ఈ బండ్లలో వెనక చక్రాలనే పడుతుంది. వెనక లేపుతున్నప్పుడు ముందు చక్రాలకు రెండు వైపులా అడ్డుకట్టలు పెట్టాలి.

కాయిల్ స్ప్రింగు విప్పే పని వస్తే స్ప్రింగును నొక్కిపట్టే కంప్రెసర్ ఉన్న గ్యారేజీకి వదిలేయండి. తాళ్లతో, తీగతో కట్టి దించే పద్ధతి చేతులు పోగొడుతుంది. టార్షన్ బార్ (మెలితిరుగుతూ స్ప్రింగులా పనిచేసే కడ్డీ) ఉంటే విప్పే ముందు సర్దుబాటు బోల్టు ఎంత బయటికి ఉందో కొలిచి, బారుకూ దాని చివరి పట్టుకూ పెయింట్‌తో గీత పెట్టుకోండి.

కొత్త బుష్ ఎక్కించేటప్పుడు సబ్బునీళ్లు చాలు, గ్రీజ్ వద్దు. కొన్ని బుష్‌ల రబ్బరులో ఒక పక్క ఖాళీ ఉంటుంది, అది ఏ దిక్కున ఉందో పాతది తీసేముందు గీసుకోండి. ట్విన్ ట్యూబ్ (గొట్టంలో గొట్టం ఉండే) షాకర్ అయితే నిలువుగా పట్టుకుని నాలుగైదుసార్లు నొక్కి సాగదీయాలి, పడుకోబెట్టి నిల్వ చేసినప్పుడు లోపల చేరిన గాలి పైకి వచ్చేస్తుంది. మెరిసే రాడ్డును పట్టకారుతో పట్టుకుంటే గీత పడుతుంది, ఆ గీత సీలును కోస్తుంది. షాకర్లు ఎప్పుడూ ఒక యాక్సిల్‌కు జంటగానే మార్చాలి.

ఇప్పుడు అందరూ తప్పు చేసే చోటు. రబ్బరు బుష్ బోల్టును చక్రం గాల్లో వేలాడుతుండగా పూర్తిగా బిగించకూడదు. బుష్ బయటి గొట్టం ఆర్మ్‌కు, లోపలి గొట్టం చాసిస్‌కు పట్టుకుని ఉంటాయి. మధ్యలో రబ్బరు మెలితిరుగుతూ పనిచేస్తుంది. వేలాడుతున్నప్పుడు బిగిస్తే అదే దాని మెలిక లేని స్థానం అవుతుంది. బండి కిందికి దిగగానే రబ్బరు ఎప్పుడూ మెలిపడే ఉంటుంది, గుంత వచ్చినప్పుడు ఇంకా తిరగాలి, కొద్ది నెలల్లో చిరిగిపోతుంది. బుష్ నాసిరకమని తిట్టుకుంటాం. అందుకే బోల్టులు చేతి బిగువుతో వదిలి, చక్రాలు ఎక్కించి, బండిని నేల మీద దించి, కాస్త ముందుకూ వెనక్కూ కదిపి, బరువంతా చక్రాల మీద ఉండగా టార్క్ రెంచితో బిగించాలి. కింద దూరడానికి చోటు లేకపోతే గుంట ఉన్న గ్యారేజీలో ఈ ఒక్క పని చేయించుకున్నా చాలు. కమాన్ కట్టల కన్ను బోల్టులకూ, షాకిల్‌కూ ఇదే నియమం.

కూర్చున్న కమాన్ కట్టలు

కొత్త కట్ట కొనలేనప్పుడు వంపు పెట్టించడం ఉన్న దారే. చల్లగా ఉండగానే వంచే పద్ధతి మేలు. కొలిమిలో ఎర్రగా కాల్చి, మళ్లీ సరిగా పదును పెట్టి గట్టిపరచకుండా ఇస్తే కట్టలోని ఆ పట్టీ మెత్తబడి త్వరగానే కూర్చుంటుంది. అదనపు పట్టీ వేయించుకోవాలనిపిస్తుంది, కానీ ఖాళీ బండి గాడిదలా ఎగిరేస్తుంది. రోజూ బరువు మోసే బండికైతే సరే. విరిగిన పట్టీ స్థానంలో అదే వెడల్పు, అదే మందం ఉన్నది వేయాలి. పట్టీల మధ్య తుప్పు గీకి, గ్రాఫైట్ గ్రీజ్ రాసి, చివర్లలో ప్యాడ్లు ఉంటే కొత్తవి పెట్టండి. అమర్చేటప్పుడు సెంటర్ బోల్టు తల యాక్సిల్ ప్యాడ్ మీది రంధ్రంలో సరిగ్గా కూర్చోవాలి. కూర్చోకపోతే యాక్సిల్ వెనక్కో ముందుకో జరిగి బండి పీతలా అడ్డంగా నడుస్తుంది. యూ బోల్టుల నట్లు ఎదురెదురుగా, విడతలుగా బిగించండి.

అలైన్‌మెంట్, ఆ తర్వాత

ఆర్మ్, బాల్ జాయింట్, టై రాడ్, టార్షన్ బార్, వీటిలో ఏది ముట్టుకున్నా వీల్ అలైన్‌మెంట్ తప్పదు. ముందు వైపు పనులన్నీ ఒకేసారి పూర్తి చేసుకుంటే ఒక్క అలైన్‌మెంట్‌తో సరిపోతుంది, అక్కడ మిగిలే డబ్బు చిన్నదేం కాదు. టార్షన్ బార్ ఎత్తు సరిచేశాక రెండు మూడు కిలోమీటర్లు నడిపి మళ్లీ కొలిచి, ఆ తర్వాతే అలైన్‌మెంట్‌కు వెళ్లండి.

మొదటి రోజు ఆటోనగర్ లోపలి రోడ్ల లాంటి చోట నెమ్మదిగా, తర్వాత మధురవాడ వైపు హైవే మీద 60 దాకా నడిపి చూడండి. స్టీరింగ్ వదిలితే ఒక పక్కకు లాగడం, బ్రేకు వేస్తే ముక్కు పక్కకు తిరగడం ఉంటే ముందుకు వెళ్లకుండా బోల్టులన్నీ మళ్లీ చూడాలి. 500 కిలోమీటర్లకు యూ బోల్టులు, ఆర్మ్ బోల్టులు, షాకర్ నట్లు మరోసారి టార్క్ పెట్టండి. కొత్త కట్టలు, యూ బోల్టులు సర్దుకున్నాక కొంత వదులవుతాయి. ఘాట్ ప్రయాణం ఆ బిగింపు తర్వాతే పెట్టుకోండి. సముద్రం పక్కన నిలిపే బండికి వారానికోసారి కింద మామూలు నీళ్లతో కడిగి, ఆరాక బోల్టు చివరల మీద మాత్రం గ్రీజ్ పూస్తే వచ్చేసారి గ్యాస్ కట్టర్ అవసరం పడదు.