తక్కువ ఖర్చులో రోమన్ కంచు నాణేలు: ఎంచుకోవడం, మట్టి వదిలించడం

చేతిలో డబ్బు తక్కువున్నప్పుడు వెతకాల్సింది 4వ శతాబ్దపు చిన్న కంచు నాణేలను. రోమన్ చక్రవర్తి కాన్‌స్టాంటైన్ (పాలన 306–337), అతని కొడుకులు, తరవాత వాలెంటీనియన్, వాలెన్స్‌ల పేరిట జర్మనీలోని ట్రియర్ నుంచి ఈజిప్టులోని అలెగ్జాండ్రియా దాకా ఉన్న టంకశాలలు వీటిని లెక్కలేనన్ని ముద్రించాయి. ఎక్కువ భాగం మన స్టీలు పావలా అంత, 17–21 మిల్లీమీటర్లు ఉంటాయి. సేకర్తలు వీటిని ఏఈ3 అంటారు. అంతకన్నా చిన్నవి ఏఈ4. విదేశీ డీలర్ల దగ్గర మట్టి వదలనివి ఒక్కోటి కొద్ది డాలర్లకే దొరుకుతాయి. శుభ్రం చేసి, ఎవరిదో గుర్తించి అమ్మేవి సుమారు 10–25 డాలర్లు ఉంటాయి.

మట్టి నాణేలు గంపగుత్తగా కొంటే చవక అనుకుంటారు కానీ లెక్క అలా తేలదు. గుత్తలోంచి పెద్దవీ, వెండివీ ముందే ఏరేస్తారు. మిగిలిన వాటిలో కొన్ని ఎంత తోమినా నున్నటి బిళ్లలే. అందుకే మొదట శుభ్రం చేసినవి మూడు నాలుగు కొనండి. మంచి పాటినా (నేలలో ఉండగా కంచుపై ఏర్పడే గట్టి పొర) ఎలా ఉంటుందో కంటికి అలవాటయ్యాక మట్టివి పది తీసుకోండి. కొనేముందు ఫొటోలోని నాణేలే పంపుతారా, అది నమూనా ఫొటోనా అని అడగండి. మట్టి కిందనుంచి తల ఆకారమో రెండు మూడు అక్షరాలో కనిపించాలి, అంచు గుంటలు పడకుండా ఉండాలి. ఏఈ3 తూకం మామూలుగా 2–3 గ్రాములు. చూడ్డానికి అంతే ఉండి మరీ తేలికగా ఉంటే లోపల తినేసిందన్నమాట. లేత రంగు ఇసుక అందంగా అంటుకుని ఉన్న నాణెం కనిపిస్తే జిగురును కరిగించే ఎసిటోన్ ద్రవంలో ముంచి చూడండి. జిగురుతో అంటించిన ఇసుకైతే ఊడి వస్తుంది.

ఎక్కడినుంచి వచ్చిందో చెప్పని అమ్మకందారును వదిలేయండి. ఈ సరుకులో చాలా భాగం బాల్కన్ దేశాల నేలలోంచి వస్తుంది, అందులో దొంగతవ్వకాలవీ ఉంటాయి. అమెరికాలో ఉండే మనవాళ్లు గమనించాల్సిందేమిటంటే, ఇటలీ, బల్గేరియా వంటి దేశాలకు చెందిన కొన్ని రకాల ప్రాచీన నాణేల దిగుమతిపై అక్కడ ఆంక్షలున్నాయి. కాబట్టి కాగితాలు ఇచ్చే డీలరు దగ్గరే కొనాలి.

మన దగ్గర నేలలో దొరికిన నాణేల సంగతి పూర్తిగా వేరు. నల్గొండ జిల్లా అక్కెనపల్లిలో రోమన్ వెండి నాణేలు, వినుకొండలో బంగారు నాణేలు బయటపడ్డాయి. పొలంలో అలాంటి నిధి దొరికితే 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ప్రకారం కలెక్టరుకు తెలియజేయాలి. వాటిని కడగొద్దు, తోమొద్దు, పంచుకోవద్దు. ఇక నూరేళ్లు దాటిన నాణేన్ని దేశం బయటికి పంపడాన్ని 1972 నాటి పురావస్తు చట్టం అడ్డుకుంటుంది.

ఏది తీయాలి, ఏది ఉంచాలి

నేలలో వందల ఏళ్లుండగా కంచు పైభాగం పచ్చగానో, నల్లగానో, గోధుమరంగులోనో గట్టి పొరగా మారుతుంది. అదే పాటినా. చక్రవర్తి జుట్టూ, కిరీటంలోని ముత్యాలూ ఇప్పుడు ఆ పొరలోనే ఉన్నాయి, కింది లోహంలో కాదు. చిలుము కదా అని దాన్ని తీసేస్తే బొమ్మ కూడా పోతుంది. అందుకే ఇత్తడి చెంబుకు వాడే చింతపండు, పీతాంబరి, నిమ్మకాయ, వెనిగర్ ఏదీ దగ్గరికి రానివ్వకూడదు. ఆమ్లం పాటినాను కరిగించి గుంటలు పడ్డ గులాబీరంగు రాగిని మిగులుస్తుంది. బ్యాటరీ వైర్లు తగిలించే ఎలక్ట్రాలసిస్ కూడా అదే పని ఇంకా వేగంగా చేస్తుంది. ఆలివ్ నూనెలో నెలల తరబడి నానబెట్టే పద్ధతికి పేరుంది గానీ, నూనెలోని ఆమ్లాలు రాగిని మెల్లగా తింటాయి, పైగా జిడ్డు వదలదు. దాని అవసరం లేదు.

కావాల్సినవి కొంచెమే: డిస్టిల్డ్ వాటర్, మెత్తటి టూత్‌బ్రష్, వెదురు టూత్‌పిక్‌లు, 10 రెట్లు పెద్దగా చూపే భూతద్దం, సూది, దాన్ని పట్టుకునే చిన్న పిడి. బ్యాటరీ నీళ్లని అమ్మేది కూడా ఉత్త డిస్టిల్డ్ లేదా డీమినరలైజ్డ్ నీరే అయితే పనికొస్తుంది. యాసిడ్ కలిపినది కాదని లేబుల్ చదివి చూసుకోండి. కుళాయి నీళ్లు వద్దు, అందులోని క్లోరిన్, ఉప్పులు కంచుకు శత్రువులు.

నానబెట్టడం, పుల్లతో గీకడం

పది నాణేలను ఒకదానిపై ఒకటి పడకుండా గాజు గిన్నెలో పరిచి, పావులీటరు నీళ్లు పోయండి. మొదటి వారం రోజూ, తరవాత మూడు నాలుగు రోజులకోసారి నీళ్లు మార్చాలి. మార్చినప్పుడల్లా ఒక్కో నాణేన్నీ తడిగానే బ్రష్‌తో రుద్దండి. రెండు వారాలకు కొన్ని తేలిపోతాయి, కొన్నిటికి ఆరు వారాలూ చాలవు. వెండి మెరుపు అక్కడక్కడా కనిపిస్తే బ్రష్ ఆపేయండి. అది పైన పూసిన పలచటి వెండి పూత, రుద్దితే పోతుంది.

మెత్తబడ్డ మట్టిని టూత్‌పిక్ మొనతో తీయాలి. నాణెం తడిగా ఉండాలి, మొన మొద్దుబారగానే కొత్తది తీసుకోవాలి. మొదట బొరుసు వైపు, అదీ అంచు దగ్గర మొదలుపెట్టండి. చెయ్యి జారినా ముఖం మిగులుతుంది.

పుల్లకు లొంగని గట్టి పెచ్చుకే సూది. పడిపోతున్న రౌతును సైనికుడు ఈటెతో పొడిచే బొమ్మ 348 తరవాతి నాణేలపై విరివిగా కనిపిస్తుంది. దాన్నే భూతద్దం కింద పెట్టుకున్నామనుకుందాం. గుర్రం మెడకీ సైనికుడి కాలికీ మధ్య సందులో మట్టి గట్టిగా కూరుకుని ఉంటుంది. సూదిని నిలబెట్టి పొడిస్తే గీత పడుతుంది. దాదాపు పడుకోబెట్టి, మట్టి అంచు కింద పక్కవాటుగా నెట్టాలి. సరిగ్గా తగిలితే మట్టి చిన్న పెచ్చుగా ఎగిరి, కింద నున్నటి మెరిసే పొర కనిపిస్తుంది. మట్టి మెరవదు, పాటినా మెరుస్తుంది. ఈ తేడా చేతికి తెలిస్తే సగం పని వచ్చినట్టే. పచ్చపొర కింద ఇటుకరంగు ఎరుపు తొంగిచూసిందంటే పాటినా దాటిపోయారు, అక్కడ ఆపేయాలి. గీసుకుపోయిన పాటినా మళ్లీ రాదు.

కంచు జబ్బు

గట్టి పచ్చదనం వల్ల భయం లేదు. లేత పచ్చ పొడి చుక్కలుగా లేచి, సూదితో తాకగానే రాలి, కింద గుంట కనిపిస్తే అది కంచు జబ్బు. లోపల చిక్కుకున్న రాగి క్లోరైడ్ గాలిలోని తేమతో, ఆక్సిజన్‌తో కలిసి లోహాన్ని తింటూ పోతుంది. విశాఖ, కాకినాడ వంటి తీరపు ఊళ్ల ఉక్కపోతలో ఇది మరీ త్వరగా బయటపడుతుంది. అనుమానముంటే తడి దూదితో పాటు నాణేన్ని మూత డబ్బాలో ఒకరోజు ఉంచండి. కొత్త లేతపచ్చ చుక్కలు లేస్తే జబ్బున్నట్టే.

ఆ నాణేన్ని వెంటనే వేరు చేయండి. పొడిని సూదితో పూర్తిగా తోడేసి, లీటరు డిస్టిల్డ్ నీటిలో 25 గ్రాముల చాకలి సోడా, 25 గ్రాముల వంటసోడా కలిపిన ద్రావణంలో నానబెట్టండి. వారానికోసారి ద్రావణం మార్చాలి, కొన్ని వారాలు పడుతుంది. పాటినా రంగు కొంచెం మారొచ్చు. తరవాత మామూలు డిస్టిల్డ్ నీటిలో మరో వారం పెట్టి సోడా పూర్తిగా పోనివ్వండి. డబ్బాలో తేమ పరీక్ష మళ్లీ చేయండి. చుక్కలు మళ్లీ లేస్తే మొదటినుంచీ చేయడమే.

ఆరబెట్టి దాచడం

పైకి ఆరినట్టున్నా రంధ్రాల్లో నీళ్లుంటాయి. గాజు పాత్రలో ఎసిటోన్ పోసి పది నిమిషాలు ముంచి తీస్తే ఆ నీరు బయటికొస్తుంది. గోళ్ల రంగు తుడిచే ద్రవం కాదు, శుద్ధమైన ఎసిటోన్ కావాలి. పొయ్యికి దూరంగా, కిటికీలు తెరిచి చేయండి. బాగా ఆరాక మైక్రోక్రిస్టలైన్ మైనం, అంటే రినైజాన్స్ వ్యాక్స్ వంటిది, బియ్యపుగింజంత తీసుకుని పలచగా రాసి మెత్తటి గుడ్డతో రుద్దండి. జబ్బు పూర్తిగా పోయిందని తేలకముందు మైనం రాయకూడదు. పీవీసీ కవర్లలో పెట్టొద్దు, అందులోంచి ఊరే రసాయనం కంచును పాడు చేస్తుంది. మైలార్ అనే పారదర్శక ప్లాస్టిక్ కిటికీ ఉన్న అట్ట హోల్డరు, మూత డబ్బా, సిలికా జెల్ పొట్లాలు చాలు.

నాణెం ఏ టంకశాలదో గుర్తించడానికి బొరుసు అడుగున గీత కింద ఉన్న అక్షరాలు చూడండి. ఎస్ఐఎస్ ఉంటే సిస్కియా, అంటే ఇప్పటి క్రొయేషియాలోని సిసాక్. ఏఎన్‌టీ ఉంటే ఆంటియోక్, ఎస్ఎంకే ఉంటే సిజికస్, టీఆర్ ఉంటే ట్రియర్. ఇద్దరు సైనికుల మధ్య రెండు ధ్వజాలుంటే 330–335 మధ్యది, ఒక్కటే ఉంటే ఆ తరవాతది. ఈ వివరాలతో అమెరికన్ న్యూమిస్మాటిక్ సొసైటీ వాళ్ల ఉచిత ఆన్‌లైన్ కేటలాగులో వెతికితే చాలావాటి లెక్క తేలుతుంది. తూకం, వ్యాసం, టంకశాల, ఎవరి దగ్గర ఎప్పుడు కొన్నారో హోల్డరు మీదే రాసేయండి. ప్రతి వానాకాలం తరవాత డబ్బా తెరిచి భూతద్దంతో ఒకసారి చూసి, తేమ పట్టిన సిలికా జెల్ మార్చండి.