కీళ్లవాతం ఉన్నవాళ్లకు కొత్తగా ఆయాసం వస్తే ఎక్కడ వెతకాలి?

మా అత్తయ్యకు పన్నెండేళ్లుగా రుమటాయిడ్ కీళ్లవాతం. పోయినేడు పెరంబూర్ స్టేషన్ మెట్లు ఎక్కుతుంటే ఆయాసం మొదలైంది, పొడిదగ్గు కూడా. చెన్నై ఉక్కపోతనూ రోడ్డు దుమ్మునూ తిట్టుకున్నాం. వేళ్ల వాపు లేదు కదా, జబ్బు అదుపులోనే ఉందనుకున్నాం. అక్కడే పొరబడ్డాం. కీళ్లు నెమ్మదించినా ఈ జబ్బు లోపలి అవయవాల మీద పడుతుంది.

సమస్య: పొడిదగ్గు, నడిస్తే ఆయాసం

కారణం: ముఖ్యంగా మూడింటిని అనుమానించాలి. మొదటిది ఐఎల్‌డీ, అంటే ఊపిరితిత్తులు మచ్చకట్టి గట్టిపడటం. ఇది చాలామందిలో నెలల తరబడి మెల్లగా ముదురుతుంది. డాక్టర్ వీపు కింద స్టెతస్కోప్ పెడితే వెల్‌క్రో పట్టీ ఊడదీసిన చప్పుడు వినిపిస్తుంది. రెండోది మెథోట్రెక్సేట్ (కీళ్లవాతానికి వాడే మందు) పడక వచ్చే న్యుమోనైటిస్, అంటే ఊపిరితిత్తుల వాపు. ఇది అరుదు, సాధారణంగా జ్వరంతో, కొద్ది రోజుల్లోనో వారాల్లోనో ముంచుకొస్తుంది. మూడోది ఇన్ఫెక్షన్, మన దగ్గరైతే ముందు టీబీ. స్టెరాయిడ్లు, కొన్ని బయలాజిక్ ఇంజెక్షన్లు (రోగనిరోధక వ్యవస్థలో కొంత భాగాన్ని అణచే మందులు) ఒంట్లో నిద్రపోతున్న టీబీని లేపుతాయి.

పరిష్కారం: తొలిదశలో ఎక్స్‌రే మామూలుగానే ఉండొచ్చు. అత్తయ్యదీ అంతే, హెచ్‌ఆర్‌సీటీలో (ఊపిరితిత్తుల్ని వివరంగా చూపే సీటీ స్కాన్) గానీ ఐఎల్‌డీ అని తేలలేదు. దానితోపాటు డీఎల్‌సీఓ (ఊపిరితిత్తుల నుంచి రక్తంలోకి గాలి ఎంత బాగా చేరుతోందో చెప్పే కొలత) ఉన్న పీఎఫ్‌టీ, అంటే ఊపిరితిత్తుల పనితీరు పరీక్ష, కఫం పరీక్ష అడగండి. ఐఎల్‌డీకి మైకోఫెనొలేట్, రిటుక్సిమాబ్ వంటివి ఇస్తారు. మచ్చ పెరుగుతూనే ఉంటే నింటెడానిబ్ చేరుస్తారు. మెథోట్రెక్సేట్ పడక వచ్చిందైతే ఆ మందు ఆపిస్తారు. టీబీ ఉండగా తెలియక స్టెరాయిడ్ పెంచితే అగ్గికి ఆజ్యమే. అందుకే షాపులో సిరప్ కొనుక్కుని నెలలు గడపొద్దు.

సమస్య: మూత్రంలో నురుగు, కాళ్ల వాపు

కారణం: ఏళ్లు అదుపు తప్పిన జబ్బు వల్ల అమైలాయిడ్ అనే ప్రోటీన్ కిడ్నీల్లో పేరుకోవచ్చు. అరుదే. అంతకంటే ముందు, అడ్డూ అదుపూ లేకుండా మింగిన నొప్పి మాత్రల్ని అనుమానించండి.

పరిష్కారం: మూత్రంలో ప్రోటీన్, రక్తంలో క్రియాటినిన్ చూపించండి. అవసరమైతే బయాప్సీ చేస్తారు. అమైలాయిడ్ అయితే అసలు జబ్బునే గట్టిగా అణచాలి.

సమస్య: ఛాతీనొప్పి, పడుకుంటే ఎక్కువ, ముందుకు వంగితే తక్కువ

గుండె పొరకు వాపు కావచ్చు, ఎకోలో తెలుస్తుంది. కానీ వీళ్లకు గుండెపోటు ముప్పు కూడా మామూలువాళ్లకన్నా ఎక్కువ. ఇంట్లో లెక్కలు వేయకుండా వెంటనే ఈసీజీకి పరుగెత్తండి.

సమస్య: మాటిమాటికీ ఇన్ఫెక్షన్లు, ఎడమ పక్కటెముకల కింద బరువు

కారణం: ప్లీహం పెరిగి, న్యూట్రోఫిల్ కణాలు (ఇన్ఫెక్షన్లతో పోరాడే తెల్ల రక్తకణాలు) తగ్గే ఫెల్టీ సిండ్రోమ్. మెథోట్రెక్సేట్ వల్ల కూడా కణాలు పడిపోతాయి.

పరిష్కారం: సీబీసీ (రక్తకణాల లెక్క), కడుపు స్కానింగ్. ఈలోగా జ్వరం వస్తే అదే రోజు ఆసుపత్రికి. మాత్ర ఎలా వేసుకుంటున్నారో కూడా చూడండి. మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కరోజే. రోజూ వేసుకుంటే ప్రాణం మీదికొస్తుంది. ఇక్కడి స్ట్రిప్పుల మీద తెలుగు ఉండదు. అత్తయ్య డబ్బా మీద ‘ఆదివారం మాత్రమే’ అని పెద్దక్షరాలతో రాసి అంటించాం.